సింగపూరులో నేను కూర్చున్న బల్ల

నేను దేశములు తిరిగినవాడను కాను. సెమినరీలో చదివిన సంవత్సరములును, వైద్యముకొరకు ఒకమారు వేలూరు వెళ్లిన దినములును తప్ప, నా 54 సంవత్సరముల ఆయుష్షు మన పల్లెల మధ్యనే గడచినది. అట్టి నేను గత ఆగస్టు నెలలో నాలుగు దినములు సింగపూరు పట్టణము చూచి వచ్చితిని. "అయ్యగారూ, అక్కడ ఏమేమి చూచితిరి?" అని సంఘములోని పెద్దలు, పిల్లలు అడుగుచునే యున్నారు. ఎత్తైన మేడలను గూర్చి వారికి చెప్పితిని. చెప్పలేక మిగిల్చుకొన్న సంగతి ఒకటి యున్నది. దానినే ఈ పుటలలో మీ యెదుట ఉంచుచున్నాను.

నా మేనల్లుడొకడు అక్కడ కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. "మామయ్యా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లండి" అని బ్రతిమాలి టిక్కెట్టు పంపెను. మద్రాసులో విమానమెక్కిన సుమారు నాలుగు గంటలకే ఆ దేశములో దిగితిని. మన గడియారముకంటె వారి గడియారము రెండున్నర గంటలు ముందు నడచును. సింగపూరనగా సింహపురమే. పేరు మన సంస్కృతమునుండి వెళ్లినదే గాని, ఆ అడవులలో సింహములు ఎన్నడును లేవు. నేల మొత్తము సుమారు 735 చదరపు కిలోమీటర్లు. మన పాత తాలూకాలలో అనేకము అంతకంటె పెద్దవి. అంత కొంచెము నేలమీద 60 లక్షలమంది నివసించుచున్నారు. అక్కడ స్థిరపడినవారిలో నూటికి సుమారు 74 మంది చీనావారు, 13 మంది మలయులు, 9 మంది మన దేశమునుండి వెళ్లినవారి సంతతి. మలయు, చీనా, తమిళము, ఇంగ్లీషు అను నాలుగు భాషలకును ప్రభుత్వ గౌరవము కలదు. అపాయమున్న చోట నాటిన హెచ్చరిక పలకలమీద ఆ నాలుగు భాషలును వరుసగా వ్రాసియుండుట చూచితిని. అపాయము అందరికిని ఒక్కటే గదా!

శనివారము మేనల్లుడు నన్ను ఊరంతయు త్రిప్పెను. సింహపు తల, చేప తోక గలిగి నోటినుండి నీరు చిమ్ము తెల్లని విగ్రహమును చూచితిని. దానిని 1972లో నిలిపిరట. సముద్రపు ఒడ్డున మూడు మేడలను నిలిపి, వాటి నెత్తిమీద ఒక ఓడను పరుండబెట్టినట్లు కట్టిన కట్టడమును చూచితిని. తాటిచెట్టుకంటె ఎత్తైన ఇనుప చెట్లకు నిజమైన తీగెలు ప్రాకించిన తోటను చూచితిని. తిరునాళ్లకు వెళ్లిన పిల్లవానివలె నోరు తెరచి చూచితినని ఒప్పుకొనుచున్నాను. అయితే ఇంటికి వచ్చిన తరువాత నా మనస్సులో నిలిచినవి అవి కావు.

నా మేనల్లుడు అద్దెకున్న ఇల్లు ఒక పెద్ద భవనములో పదునొకండవ అంతస్తు. అట్టి భవనములను అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ 1960 మొదలుకొని కట్టించుచున్నది. ఆ దేశస్థులలో నూటికి సుమారు 80 మంది వాటిలోనే కాపురముండుట నాకు ఆశ్చర్యమాయెను. వరండాలో నడచునప్పుడు వాకిళ్లయెదుట విడిచిన చెప్పులను చూచితిని. ఒక వాకిట చీనావారి ఎర్ర కాగితము, ప్రక్క వాకిట అరబ్బీ అక్షరముల పలక, దాని ప్రక్కన మామిడాకుల తోరణము. క్రిందటి అంతస్తు గోడలు లేని ఖాళీ స్థలము. ఒక వారము అక్కడ మలయుల పెండ్లి జరుగును; మరియొక వారము అక్కడనే చీనావారి శవమునుంచి రాత్రులు మేలుకొందురు. సంతోషమునకును దుఃఖమునకును అందరికి ఒకటే పందిరి.

"వీరందరు ఇట్లు కలిసియుండుట ఎట్లు జరిగినది?" అని అడిగితిని.

"ఊరికే జరగలేదు మామయ్యా, చట్టం పెట్టారు" అని వాడు చెప్పెను.

ఆ చట్టము 1989లో వచ్చినది. ఒక్కొక్క భవనములో ఏ జాతివారు ఎంతవరకు ఉండవచ్చునో దానిలో హద్దు నియమించిరి. ఒక జాతివారు ఆ హద్దునకు చేరినయెడల, తరువాత ఆ భవనములోని ఇల్లు మరియొక జాతివారి యొద్దనుండి వారు కొనరాదు. దీనివలన కొందరికి ఇల్లు అమ్ముకొనుట కష్టమగుచున్నది. అయినను ఆ కష్టమును ఓర్చుకొనుచున్నారు. ఏలయనగా వేరు వేరుగా బ్రదుకుటవలని కీడును వారు కన్నులార చూచినవారు. 1822లో ఇంగ్లీషువారు ఆ పట్టణమునకు పటము గీయించినప్పుడు దొరలకొక భాగము, చీనావారికొక భాగము, తమిళులకొక భాగము, మలయులకును అరబ్బులకును ఒక భాగము అని పేటలు విడదీసిరి. తరువాత 1964లో చీనావారికిని మలయులకును రెండు మారులు అల్లరులు పుట్టి, ముప్పదిమందికి పైగా చనిపోయిరి. 1965 ఆగస్టు 9వ తేదీన ప్రత్యేక దేశమైనప్పుడు ఆ రక్తము ఇంకను ఆరనే లేదు.

పేటలు విడదీయుటను గూర్చి విన్నప్పుడు నా గుండెలో ఏదో ముల్లు గ్రుచ్చుకొనెను. అయినను అప్పటికి దానిని కదలింపక ఊరకుంటిని.

ఆదివారము ఉదయమున సెయింట్ ఆండ్రూస్ కతీడ్రలులో ఆరాధనకు వెళ్లితిని. పచ్చని మైదానములో మంచువలె తెల్లగా నిలిచిన ఆలయమది. దానికి 1856లో పునాదిరాయి వేసిరి, 1862లో ప్రతిష్ఠ చేసిరి. కట్టిన కూలీలు ఎవరో ఎరుగుదురా? మన దేశమునుండి ఓడలలో పంపబడిన ఖైదీలు! ఆ కాలములో హిందూదేశపు ఖైదీలను శిక్షకొరకు ఆ ద్వీపమునకు పంపుచుండిరి. గోడల లోపలి పూతకు "మద్రాసు సున్నము" అని పేరు. గుల్లసున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొనయు, ముతక చక్కెరయు కలిపి, కొబ్బరిపీచు నానబెట్టిన నీటితో మెత్తగా నూరి, పూసి, ఆరిన పిమ్మట రాళ్లతో నునుపు చేసిరి. మన తాతల యిండ్లలో గచ్చు వేసిన మేస్త్రీల విద్యయే అది. మన తెలుగు జిల్లాలును అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. కాళ్లకు సంకెళ్లున్న చేతులు కట్టిన గోడల మధ్య స్వేచ్ఛను గూర్చిన సువార్త వినబడుచున్నది. నా ప్రక్కను ఒక చీనా వృద్ధురాలు మోకరించెను. ముందు వరుసలో తమిళ కుటుంబమొకటి. వెనుక ఫిలిప్పీను దేశపు పనికత్తెలు. నేను ఆ గోడను చేతితో తాకి చూచితిని.

ఆరాధన ముగిసి వెలుపలికి రాగా, మా సంఘములో పెరిగిన యువకుడొకడు నాకొరకు చెట్టుక్రింద కనిపెట్టుచుండెను. అతడు 2019లో తల్లి మెడలోని కొంచెము బంగారము కుదువబెట్టి, ఏజెంటుకు డబ్బు కట్టి, ఆ దేశమునకు వెళ్లినవాడు. ఓడలు బాగుచేయు చోట వెల్డింగు పని. ఆదివారమే అతనికి సెలవు. "అయ్యగారూ, ఈ రోజు మీరు నాతో రావాలండి" అని నా చేతిసంచి అందుకొనెను.

సౌత్ బ్రిడ్జి రోడ్డు అను వీధిని నడచితిమి. అది చీనావారి పేట. అయినను ఆ వీధిలోనే 1827లో స్థాపించిన మారియమ్మ గుడియు, దానికి కూతవేటు దూరములోనే అంతకు ముందు సంవత్సరము తమిళ ముస్లిములు స్థాపించిన మసీదును ఉన్నవి. మిట్టమధ్యాహ్నమాయెను. "ఆకలి వేస్తోందా అయ్యగారూ?" అని అతడు నన్ను హాకర్ సెంటరు అను భోజనశాలకు తీసికొని పోయెను.

ఆ భోజనశాలలను మీరు చూడవలెను. పూర్వము వీధులలో తట్టలు, బండ్లు పెట్టుకొని అమ్మినవారిని ఒక కప్పుక్రిందికి చేర్చి, నీటి కుళాయియు, శుభ్రతయు ఏర్పరచిరి. 2020లో యునెస్కో సంస్థవారు ఈ భోజనశాలల సంస్కృతిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. చుట్టు అంగళ్లు, మధ్య బల్లలు. ఒక అంగడిలో చీనావారి కోడిమాంసపు అన్నము, ఒకదానిలో మలయుల కొబ్బరిపాల అన్నము, ఒకదానిలో మనవారి రొట్టె. బల్లమీద చిన్న కాగితపు రుమాళ్ల పొట్లము పెట్టి వెళ్లినయెడల ఆ చోటు వారిదని ఇతరులు గౌరవింతురు. బల్లకు జాతి లేదు. ఖాళీయున్నచోట ఎవరైనను కూర్చుండవచ్చును. ముస్లిములు పందిమాంసము ముట్టరు గనుక వారి పళ్లెములు తిరిగి పెట్టుటకు వేరుగా అర లుండును. ఎవరి నియమమును వారు విడువలేదు. అయినను బల్లను మాత్రము పంచుకొనుచున్నారు.

మా బల్లకు ఎదుట చీనా ముసలాయన యొకడు పులుసు త్రాగుచుండెను. ప్రక్కను తలగుడ్డ కట్టుకొన్న మలయు తల్లి తన బిడ్డకు తినిపించుచుండెను. నేను ప్రార్థన చేసి తినసాగితిని. ఆ యువకుడు మాత్రము తినక నావైపు చూచుచుండెను.

"ఏమి నాయనా, తినవేమి?"

"ఒక మాట అంటాను, కోప్పడరు గదా అయ్యగారూ?"

"కోపమెందుకు? చెప్పు."

"మీరూ నేనూ ఒక బల్లమీద కూర్చుని అన్నం తినడం ఇదే మొదటిసారండి."

నేను నవ్వి, "మన ప్రేమవిందులో ఏటేటా తినుచునే యున్నాము గదా" అంటిని.

"అక్కడ మా పేట బంతి వేరే గదండి."

నేను పలుకలేదు. అతడు తలవంచుకొని మెల్లగా చెప్పెను. "మీరు మా యింటికి పద్నాలుగేండ్లుగా వస్తున్నారు. నాన్న మంచం పట్టినప్పుడు ప్రతి బుధవారం వచ్చి ప్రార్థన చేశారు. మేము అది మరువలేమండి. మీరు వస్తారని అమ్మ ప్రతిసారి అన్నం ఎక్కువ వండేది. మీరు ప్రతిసారి 'ఇప్పుడే తిని వచ్చానమ్మా' అనేవారు. మీరు వెళ్లాక ఆ అన్నం మేము తినేవాళ్లం. ఒకరోజు అమ్మ అంది, 'మన అయ్యగారికి ఎప్పుడూ ఆకలి వేయదురా' అని. నవ్వుతూనే అందండి."

ఆ మాటలో నిందలేదు. నింద యుండినయెడల నాకు జవాబు దొరికియుండును.

ప్రియులారా, మా సంఘములో రెండు పేటలవారున్నారు. ఆ పేటల పేర్లు మీకు వ్రాయనక్కరలేదు. మీ ఊరిలోను ఉన్నవి, మీకు తెలియును. ఒక పేట నాది, ఒక పేట ఆ బిడ్డది. పెద్ద ఊరివారు మన రెండు పేటలను దూరముగా ఉంచినప్పుడు మనకు కన్నీరు వచ్చినది. ఆ కన్నీరు తుడుచుకొని మనము చేసినదేమి? మనలో మనము మరియొక గోడ కట్టుకొంటిమి. బీదయింటివారికి భారము కాకూడదని ఆ యింట భోజనము చేయుట లేదని నేను అన్నాళ్లు నాకు నేను చెప్పుకొంటిని. అది అబద్ధము. నా పేటలో అంతకంటె బీదయిండ్లలో నేను గంజి త్రాగితిని, మజ్జిగ త్రాగితిని. ఆ యింటిలోనే నాకు ఆకలి లేకపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదునొకండవ అంతస్తు కిటికీ యొద్ద కూర్చుండి అంతియొకయ పట్టణమును తలంచుకొంటిని. అదియు ఆసియాలోని గొప్ప పట్టణమే. అనేక జాతులు కలిసిన పట్టణమే. దానిలో నాలుగు భాగములుండెననియు, ఒక్కొక్క భాగమునకు వేరుగా గోడ యుండెననియు స్ట్రాబో అను గ్రీకు గ్రంథకర్త వ్రాసెను. సెమినరీలో అది చదివి పరీక్షలో వ్రాసితిని గాని, దానిని నా ఊరితో పోల్చి చూడలేదు. ఆ గోడలున్న పట్టణములోని సంఘమును నడిపినవారెవరు? కుప్ర ద్వీపపు బర్నబా, నలుపను అర్థమిచ్చు పేరుగల సుమెయోను, ఆఫ్రికా తీరమునుండి వచ్చిన లూకియ, రాజగృహములో పెరిగిన మనయేను, తార్సువాడైన సౌలు. మనకు క్రైస్తవులను పేరు మొట్టమొదట పుట్టినది ఆ ఊరిలోనే. ఏ పేటవారని చెప్పుటకు వీలుకాని గుంపునకు లోకము క్రొత్త పేరు పెట్టవలసి వచ్చెనేమో అని నాకు తోచెను.

అయితే ఆ ఊరిలోనే పేతురు తప్పిపోయెను. అన్యజనులతో కలిసి భుజించుచుండినవాడు, యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి వెనుకదీసెను. పౌలు అతనిని ముఖాముఖిగా నిలదీసెను. పేతురు ఆ దినమున ఏ సిద్ధాంతమును కాదనలేదు, ఏ దుర్బోధను చేయలేదు. భోజనపు బల్లయొద్దనుండి లేచెను, అంతే. దానినే పౌలు సువార్త సత్యమునకు విరోధమని యెంచెను. నేను ఆ భాగముమీద ఎన్ని ప్రసంగములు చేసితినో! ప్రతి ప్రసంగములోను నన్ను నేను పౌలు ప్రక్కనే నిలువబెట్టుకొంటిని.

సింగపూరు పరలోకమని మీరు తలంపవద్దు. ఆ యువకుడు నివసించునది ఆ మేడలలో కాదు. కూలీలకొరకు ఊరికి దూరముగా కట్టిన వసతిగృహములో, ఒక గదిలో పన్నెండుమంది. 2020లో కోవిడు వ్యాపించినప్పుడు ఆ దేశములో వ్యాధి సోకినవారిలో మిక్కిలి ఎక్కువమంది ఆ వసతిగృహములవారే. నెలల తరబడి వారిని వెలుపలికి రానియ్యలేదు. ఆ దినములలో ఇతనికి జ్వరము వచ్చి లేవలేకపోయినప్పుడు, ప్రక్క మంచముమీది బంగ్లాదేశపు ముస్లిము యువకుడు తన గిన్నెలోని జావ తెచ్చి త్రాగించెనట. "అతను నా కులం అడగలేదండి, నేను అతని మతం అడగలేదు" అని చెప్పెను. చట్టము కొంతవరకే గోడను పడగొట్టును. మిగిలిన గోడను పడగొట్టవలసినది ఒక మనుష్యుని చేతిలోని గిన్నె.

తిరిగి వచ్చిన తరువాతి బుధవారము మధ్యాహ్నము ఆ తల్లి యింటికి వెళ్లితిని. కుమారుని క్షేమము చెప్పి, అతడు పంపిన వస్తువులిచ్చి, ప్రార్థన చేసితిని. తరువాత లేవక, "అమ్మా, ఈ పూట నీ యింట అన్నము తిని వెళ్లవలెనని వచ్చితిని" అంటిని.

ఆమె దిగ్భ్రమతో నన్ను చూచెను. "వండలేదండీ అయ్యగారూ. నా ఒక్కదానికే పొయ్యిమీద పడేసుకొన్నాను" అనెను. నాకొరకు ఎక్కువ వండుట ఆమె ఎన్నడో మానివేసెనని అప్పుడు తెలిసికొంటిని.

"ఉన్నదే ఇద్దరము తిందము" అంటిని.

ఆమె రెండు పళ్లెములు కడిగి తెచ్చెను. అన్నము, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ. నాకు వడ్డించి తాను గడపయొద్ద నిలువబడగా, "నీవును కూర్చుండుమమ్మా, లేనియెడల నేను తినను" అంటిని. చాలసేపటికి కూర్చుండెను. ఆ అన్నము ఇద్దరికి చాలలేదు. చేయి కడుగుకొనుచుండగా ఆమె చెంబుతో నీళ్లు పోయుచు, "ఇవాళ ఆకలేసిందన్నమాట అయ్యగారికి" అనెను. నేను తలయెత్తి చూడలేకపోతిని.

సాయంకాలము కాకమునుపే ఆ వార్త రెండు పేటలలోను వ్యాపించెను. నా పేటకు చెందిన సంఘపెద్ద యొకరు ఇంటికి వచ్చి, "మీరెక్కడ తింటారో మీ యిష్టమండి, క్రిస్మసు బంతులు మాత్రం కదపకండి" అనిరి. ఆయన చెడ్డవాడు కాడు. పద్నాలుగు సంవత్సరములు నా మౌనము ఆయనకు నేర్పిన పాఠమునే ఆయన నాకు ఒప్పచెప్పెను. "ఈ క్రిస్మసుకు ఒకటే బంతి వేయుదమని తలంచుచున్నాను. మీరు నా ప్రక్కను కూర్చుండవలెను" అని చెప్పితిని. ఆయన జవాబు చెప్పక వెళ్లిపోయిరి. ఎవరు వచ్చెదరో, ఎవరు రాకుందురో, నేను ఈ సంఘములో ఎంతకాలము నిలుతునో ప్రభువు చేతిలో ఉన్నది.

ఈ పుటలు అచ్చయి మా ఊరు చేరిన ఆదివారమున నేనే ప్రసంగపీఠముమీద నిలిచి వీటిని మొదటినుండి చివరివరకు చదువుదును. ప్రియ చదువరులారా, మీరు దేశములు తిరుగనక్కరలేదు. మీరు ఎన్నడును అన్నము తినని ఇల్లు మీ సంఘములో ఏది? అక్కడికి మీ ఇంటినుండి ఎన్ని అడుగులు? నేను ఆ దారి కనుగొనుటకు సముద్రము దాటి వెళ్లవలసి వచ్చినది. మీరు ఈ సాయంకాలమే నడిచి వెళ్లవచ్చును.

పాపులతో భుజించెనని నిందింపబడిన మన ప్రభువు మీకును నాకును ఆ ఆకలి దయచేయును గాక. ఆమేన్.